తలుపు ఒకరిది, తాళంచెవి మరొకరిది: వలస చుట్టూ దేశాల బేరం

క్లుప్తంగా

శరణు కోరి వచ్చేవారిని దారిలోనే ఆపే పనిని సంపన్న దేశాలు పొరుగు దేశాలకు అప్పగిస్తున్నాయి. పొరుగు దేశాలు ఆ కాపలానే బేరానికి వాడుకుంటున్నాయి. మొరాకో, టర్కీ, బెలారస్, లిబియా అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ బేరానికి బలం ఇచ్చేది వచ్చే జనం సంఖ్య కన్నా ఆ జనం అంటే ఉన్న రాజకీయ భయమేనని తెలుస్తుంది. గల్ఫ్‌లో 1990లో ఇదే బేరం ఎదురు దిశలో నడిచింది. దాని ప్రభావం తెలుగు జిల్లాల దాకా వచ్చింది.

సెయుతాలో రెండు రోజులు

2021 మే 17న తెల్లవారకముందే మొరాకో ఉత్తర తీరంలో కాపలా సడలింది. ఫ్నిదెక్ అనే మొరాకో ఊరికీ, ఆఫ్రికా నేల మీదే ఉన్న స్పెయిన్ పట్టణం సెయుతాకూ మధ్య ఉన్న కంచె సముద్రంలోకి కొంత దూరం వెళ్లి ఆగిపోతుంది. మామూలు రోజుల్లో ఆ ఒడ్డుకు ఎవరూ రాకుండా మొరాకో పోలీసులు చూసుకుంటారు. ఆ రోజు చూసుకోలేదు. ఆటు సమయంలో నీళ్లు తగ్గినప్పుడు కొందరు నడిచి వచ్చారు, మిగతావారు కంచె చివర చుట్టూ ఈదుకొచ్చారు. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు ఒంటికి కట్టుకుని తేలుతూ ఒడ్డుకు చేరిన ఒక బాలుడి దృశ్యం ప్రపంచమంతా చూసింది. రెండు రోజుల్లో దాదాపు 8 వేల మంది వచ్చారు. వారిలో సుమారు 1,500 మంది మైనర్లు. సెయుతా జనాభాయే 85 వేలకు అటూ ఇటూగా ఉంటుంది.

కాపలా ఎందుకు సడలిందో దాచిపెట్టే ప్రయత్నం పెద్దగా జరగలేదు. పశ్చిమ సహారా స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న పొలిసారియో ఫ్రంట్ నాయకుడు బ్రాహిం ఘాలికి కోవిడ్ వస్తే, స్పెయిన్ ఆయన్ను గుట్టుగా రప్పించి లొగ్రోన్యో ఆసుపత్రిలో చికిత్స చేయించింది. పశ్చిమ సహారా తనదేనంటున్న మొరాకోకు అది గిట్టలేదు. కొన్ని పనులకు పర్యవసానాలు ఉంటాయని మాడ్రిడ్‌లోని మొరాకో రాయబారి బాహాటంగానే అన్నారు.

పది నెలలు గడిచాయి. 2022 మార్చిలో స్పెయిన్ ప్రధాని పెద్రో సాంచెజ్ మొరాకో రాజుకు లేఖ రాశారు. పశ్చిమ సహారాకు మొరాకో పాలన కిందే స్వయంప్రతిపత్తి ఇవ్వాలన్న ప్రతిపాదనే అన్నింటికన్నా ఆచరణయోగ్యమైనదని అందులో ఒప్పుకున్నారు. పశ్చిమ సహారా 1975 దాకా స్పెయిన్ వలస రాజ్యం. అక్కడి నుంచి తప్పుకున్నాక దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఈ వివాదంలో స్పెయిన్ ఎటూ మొగ్గకుండా ఉంటూ వచ్చింది. ఆ విధానం ఒక్క లేఖతో మారింది. దాంతో పొలిసారియోకు అండగా ఉన్న అల్జీరియా ఆగ్రహించి, స్పెయిన్‌తో ఉన్న స్నేహ ఒప్పందాన్ని 2022 జూన్‌లో పక్కన పెట్టింది. స్పెయిన్‌కు సహజవాయువు అమ్మే ప్రధాన దేశాల్లో అల్జీరియా ఒకటి.

స్పెయిన్ నిర్ణయానికి సెయుతా ఒక్కటే కారణమని చెప్పలేం. ట్రంప్ ప్రభుత్వం 2020 డిసెంబర్‌లోనే పశ్చిమ సహారాపై మొరాకో అధికారాన్ని గుర్తించింది. ఆ గాలి అప్పటికే మొదలైంది. అయినా, కాపలాదారు రెండు రోజులు తల తిప్పుకుంటే ఎంత జరగవచ్చో మాడ్రిడ్‌కు అర్థమైంది.

పాత ఎత్తుగడే

1980లో ఫిడెల్ కాస్ట్రో మారియెల్ రేవును తెరిచి, వెళ్లాలనుకునేవారు వెళ్లవచ్చన్నాడు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ లోపు లక్షా 25 వేల మంది క్యూబన్లు పడవల్లో అమెరికా చేరారు. 1994లో మళ్లీ అదే జరిగింది. వేల మంది తెప్పల మీద బయల్దేరేసరికి అమెరికా చర్చలకు కూర్చుంది, ఏటా కనీసం 20 వేల మంది క్యూబన్లకు సక్రమంగా వచ్చే వీలిస్తానని ఒప్పుకుంది. లిబియా నేత గడాఫీ 2010 ఆగస్టులో రోమ్ వెళ్లి, ఆఫ్రికా వలసలను ఆపాలంటే యూరప్ ఏటా 500 కోట్ల యూరోలు ఇవ్వాలని అడిగాడు. ధర ఇంత బాహాటంగా చెప్పినవారు తక్కువ.

ఇలాంటి సందర్భాలను వరుసగా అధ్యయనం చేసిన అమెరికా రాజనీతి పరిశోధకురాలు కెల్లీ గ్రీన్‌హిల్, 1951 తర్వాత 50కి పైగా ఉదంతాలను లెక్కించారు. సగానికి పైగా సందర్భాల్లో బెదిరించిన పక్షం తాను కోరింది చాలావరకు సాధించుకుందని ఆమె తేల్చారు. బెదిరించేవి ఎక్కువగా బలహీన ప్రభుత్వాలు. లొంగేవి ఎక్కువగా బలమైన ప్రజాస్వామ్యాలు. సైన్యం, డబ్బు ఉన్న దేశం చేతిలో ఏమీ లేని దేశానికి ఎందుకు లొంగుతుందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

బెదిరింపు ఎక్కడ పట్టు దొరకబుచ్చుకుంటుంది

జవాబు సగం చట్టంలో, సగం ఎన్నికల రాజకీయంలో ఉంది. 1951 శరణార్థుల ఒప్పందంలోని 33వ అధికరణం ప్రకారం, ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పు ఉన్న చోటికి శరణార్థిని తిప్పి పంపకూడదు. ఐరోపా చట్టాలు ఇంకో అడుగు ముందుకేసి, గడ్డ మీద కాలు పెట్టి ఆశ్రయం అడిగిన ప్రతి మనిషి దరఖాస్తునూ విడిగా వినాలంటాయి. వినడానికి నెలలు, అప్పీళ్లతో కలిపి ఏళ్లు పడుతుంది. కాదని తేల్చినా, సొంత దేశం తీసుకోనంటే పంపడం కుదరదు. కాబట్టి ఒక మనిషి సరిహద్దు దాటక ముందు ప్రభుత్వానికి అతని విషయంలో బాధ్యత దాదాపు లేదు. దాటిన మరుక్షణం బోలెడంత ఉంది. ఆ గీతకు అవతలే ఆపగల పొరుగు దేశానికి విలువ పెరగడానికి కారణం ఇదే.

రెండో సగం ఇంటి రాజకీయం. ఒక్కరినీ రానివ్వొద్దనే వర్గం ఒకటి, ఎవరినీ తోసేయొద్దనే వర్గం మరొకటి ప్రతి ప్రజాస్వామ్యంలోనూ ఉంటాయి. రానిస్తే మొదటి వర్గం ఓట్లు పోతాయి. తోసేస్తే కోర్టులు, పత్రికలు, రెండో వర్గం ప్రశ్నిస్తాయి. ప్రభుత్వం అడకత్తెరలో పోకచెక్క అవుతుంది. అప్పుడు డబ్బిచ్చో, వీసా సడలింపులిచ్చో, విదేశాంగ విధానం మార్చుకునో ఆ పరిస్థితే రాకుండా చూసుకోవడం చౌక అనిపిస్తుంది. ప్రజాభిప్రాయాన్నీ కోర్టులనూ లెక్కచేయని ప్రభుత్వం మీద ఈ ఎత్తు పారదు.

ఐరోపాలో దీనికి డబ్లిన్ నిబంధన తోడైంది. శరణార్థి మొదట ఏ దేశంలో అడుగుపెడితే దరఖాస్తును చాలావరకు ఆ దేశమే చూడాలి. భౌగోళికంగా అంచున ఉన్నందుకు గ్రీస్, ఇటలీ, స్పెయిన్, మాల్టా మీద భారం పడింది. లోపలి దేశాలు పంచుకోవడానికి ముందుకు రాలేదు. తమలో తాము పంచుకోలేని బరువును బయటివారికి కాంట్రాక్టుకు ఇవ్వడం అలా మొదలైంది.

టర్కీతో కుదిరిన ఒప్పందం

2015లో పది లక్షల మందికి పైగా సముద్రం దాటి ఐరోపాకు చేరారు. వారిలో దాదాపు ఎనిమిదిన్నర లక్షల మంది టర్కీ నుంచి గ్రీస్ దీవులకు వచ్చినవారే. సిరియా యుద్ధం అప్పటికి నాలుగేళ్లుగా సాగుతోంది. జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ తలుపులు తెరిచి ఉంచారు, హంగరీ కంచె కట్టింది, బాల్కన్ దేశాలు ఒక్కొక్కటే దారి మూశాయి.

2016 మార్చి 18న యూరోపియన్ యూనియన్, టర్కీ ఒక ఉమ్మడి ప్రకటన చేశాయి. కొత్తగా గ్రీస్ దీవులకు చేరేవారిని టర్కీ వెనక్కి తీసుకుంటుంది. అలా తీసుకున్న ఒక్కో సిరియన్‌కు బదులుగా టర్కీలో ఉన్న మరో సిరియన్‌కు ఐరోపా చోటిస్తుంది. శరణార్థుల బాగోగుల కోసం మొత్తం 600 కోట్ల యూరోలు ఇస్తుంది. టర్కీ పౌరులకు వీసా లేని ప్రయాణం, సభ్యత్వ చర్చలకు ఊపు కూడా హామీల్లో ఉన్నాయి.

రాకలు తగ్గాయి. గ్రీస్‌కు సముద్ర మార్గంలో వచ్చినవారు 2016లో సుమారు 1.73 లక్షలు, 2017లో 30 వేల లోపు. ఇందులో ఒప్పందం వంతు ఎంత, అంతకు తొమ్మిది రోజుల ముందే బాల్కన్ దారి మూసుకుపోవడం వంతు ఎంత అన్నది ఇప్పటికీ చర్చే. వెనక్కి పంపడమనే భాగం మాత్రం అసలు పనిచేయలేదు. 2020 దాకా టర్కీకి పంపింది సుమారు 2 వేల మందినే. మిగిలినవారు దీవుల్లో ఇరుక్కున్నారు. మూడు వేల మందికి కట్టిన లెస్బోస్ దీవిలోని మోరియా శిబిరంలో 2020 మొదట్లో 20 వేల దాకా జనం ఉన్నారు. ఆ సెప్టెంబర్‌లో శిబిరం కాలి బూడిదైంది.

టర్కీ వైపు నుంచి చూస్తే లెక్క మరోలా ఉంటుంది. ఒక దశలో ఆ దేశంలో 36 లక్షలకు పైగా సిరియన్లున్నారు. ఐరోపా మొత్తం వణికిపోయిన సంఖ్యకు అది మూడు రెట్లకు పైన. ఆ మాటకొస్తే ప్రపంచ శరణార్థుల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి నీడనిస్తున్నవి అల్ప, మధ్యాదాయ దేశాలే. హామీ ఇచ్చిన వీసా సడలింపు రాలేదన్నది టర్కీ ఫిర్యాదు. అందుకు పెట్టిన షరతులు, ముఖ్యంగా ఉగ్రవాద నిరోధక చట్టం సవరణ, టర్కీ నెరవేర్చలేదన్నది ఐరోపా జవాబు.

2020 ఫిబ్రవరి 27న సిరియాలోని ఇద్లిబ్‌లో జరిగిన దాడిలో 30 మందికి పైగా టర్కీ సైనికులు చనిపోయారు. మర్నాడే టర్కీ తన పశ్చిమ సరిహద్దు కాపలాను ఎత్తేసింది. తలుపులు తెరిచామని అధ్యక్షుడు ఎర్డొగాన్ ప్రకటించారు. వేల మంది గ్రీస్ సరిహద్దులోని ఎవ్రోస్ నది ఒడ్డుకు, పజార్‌కులే చెక్‌పోస్టు దగ్గరికి చేరారు. ఇద్లిబ్‌తో గ్రీస్‌కు ఏ సంబంధమూ లేదు. సిరియాలో ఐరోపా మద్దతు కావాలి, దాన్ని అడగడానికి చేతిలో ఉన్న పరికరం సరిహద్దు. గ్రీస్ బాష్పవాయువు ప్రయోగించి నిలువరించింది, ఆశ్రయ దరఖాస్తుల స్వీకరణను నెల రోజులు ఆపేసింది. యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫొన్ డెర్ లేయెన్ అక్కడికి వెళ్లి గ్రీస్‌ను ఐరోపా డాలుగా అభివర్ణించారు. దరఖాస్తు తీసుకోవడమే ఆపేయడం 33వ అధికరణానికి ఎలా పొసుగుతుందన్న ప్రశ్నకు ఆ రోజు బ్రస్సెల్స్ నుంచి జవాబు రాలేదు. బెదిరింపు ఈసారి అనుకున్నంత పారలేదు గానీ, దాన్ని తిప్పికొట్టడానికి ఐరోపా తన సొంత నియమాన్నే పక్కన పెట్టాల్సి వచ్చింది.

విమాన టికెట్లతో తయారైన సంక్షోభం

టర్కీలోనూ మొరాకోలోనూ వలసదారులు ముందే ఉన్నారు. బెలారస్‌లో లేరు. వారిని తీసుకురావాల్సి వచ్చింది.

2021 మే 23న గగనతలంలో వెళ్తున్న ర్యాన్‌ఎయిర్ విమానాన్ని బెలారస్ బలవంతంగా మిన్‌స్క్‌లో దింపి, అందులోని ప్రతిపక్ష పాత్రికేయుణ్ని అరెస్టు చేసింది. ఐరోపా ఆంక్షలు పెంచింది. ఇన్నాళ్లూ డ్రగ్స్‌నూ వలసదారులనూ మేమే ఆపుతున్నాం, ఇక మీరే చూసుకోండి అన్న అర్థంలో బెలారస్ అధ్యక్షుడు లుకషెంకో మాట్లాడారు. ఆ తర్వాత ఇరాక్ నుంచి మిన్‌స్క్‌కు విమానాలు పెరిగాయి. ట్రావెల్ ఏజెన్సీలు పర్యాటక వీసా, టికెట్, హోటల్ కలిపి ప్యాకేజీగా అమ్మాయి. కొన్నవారిలో ఇరాకీ కుర్దులే ఎక్కువ. ఇల్లు, కారు అమ్ముకుని వచ్చినవారూ ఉన్నారు. లిథువేనియాలోకి ఆ సరిహద్దు నుంచి అక్రమంగా వచ్చినవారు 2020 మొత్తంలో 81 మంది. 2021లో 4 వేలు దాటారు.

నవంబర్ 8న వందల మందిని బెలారస్ బలగాలు పోలండ్‌లోని కుజ్నిత్సా చెక్‌పోస్టు వైపు నడిపించాయి. ఇవతల పోలండ్ సైనికులు, అవతల వెనక్కి రానివ్వని బెలారస్ సైనికులు, మధ్యలో చలి. బియవొవెజా అడవుల్లో ఎముకలు కొరికే చలికి ప్రాణాలు పోయినవారున్నారు. పోలండ్ అత్యవసర పరిస్థితి విధించి సహాయ సంస్థలను, విలేకరులను ఆ ప్రాంతానికి రానివ్వలేదు. అయిదున్నర మీటర్ల ఎత్తున 186 కిలోమీటర్ల ఉక్కు గోడ కట్టింది.

సంక్షోభం తగ్గింది గోడ లేవకముందే. వలసదారులను తెస్తున్న విమానయాన సంస్థల మీద ఐరోపా ఒత్తిడి తెచ్చింది. నవంబర్ 12న టర్కీ ఇరాక్, సిరియా, యెమెన్ పౌరులకు మిన్‌స్క్ టికెట్లు అమ్మకుండా ఆపింది. ఇరాక్ తన పౌరులను వెనక్కి తీసుకెళ్లడానికి 18న విమానం పంపింది. మనుషులు వచ్చిన దారి ఏదో గుర్తించి అక్కడ ఆపితే ఫలితం వారాల్లోనే కనిపించింది.

మూడు నెలలు దాటగానే ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. అదే పోలండ్, మరో చోట సరిహద్దు. ఒక్క నెలలో 20 లక్షల మందికి పైగా దాటి వచ్చారు. ఐరోపా 2001లో రాసుకుని ఎన్నడూ వాడని తాత్కాలిక రక్షణ చట్టాన్ని 2022 మార్చి 4న అమలులోకి తెచ్చింది. దరఖాస్తు విచారణ లేకుండానే నివాసం, పని, చదువు హక్కులిచ్చింది. 40 లక్షలకు పైగా ఉక్రెయినియన్లు దాని కింద ఉన్నారు. ఇబ్బందులు లేకపోలేదు, అద్దెలు పెరిగాయి, అసహనమూ పెరిగింది. కానీ ఐరోపా కూలిపోలేదు. సరిహద్దులో కొన్ని వేల మంది అత్యవసర పరిస్థితికి కారణమైతే, లక్షల మంది పరిపాలనా సమస్యగా మిగిలారు. ఉక్రెయిన్ జనాన్ని ఐరోపా మీదికి వదిలి భయపెట్టవచ్చని రష్యా లెక్క వేసుకుని ఉంటే, ఆ లెక్క తప్పింది. భయం లేని చోట బేరానికి సరుకు లేదు. ఉక్రెయినియన్ల పట్ల ఆ భయం ఎందుకు లేదన్న దానికి జాతి, మతం, ఉమ్మడి శత్రువు అన్నీ కారణాలే. వీరికీ, బెలారస్ సరిహద్దులో నిలిచినవారికీ ఒకే శరణార్థుల ఒప్పందం వర్తించేటప్పుడు ఈ తేడాను సమర్థించడం కష్టం.

భద్రత అనే మాటలో ఏముంది

వలసదారుల్లో ప్రమాదకారులే ఉండరనడం నిజం కాదు. 130 మందిని బలిగొన్న 2015 నవంబర్ పారిస్ దాడుల్లో ఇద్దరు ఆత్మాహుతి బాంబర్లు నకిలీ సిరియన్ పాస్‌పోర్టులతో, శరణార్థుల మధ్య గ్రీస్‌లోని లెరోస్ దీవి మీదుగా వచ్చారు. అదే దాడులు చేసినవారిలో ఎక్కువ మంది ఫ్రాన్స్, బెల్జియం పౌరులు, అక్కడే పుట్టి పెరిగినవారు. వేలిముద్రల నమోదు, పత్రాల తనిఖీ ఎంత పకడ్బందీగా ఉంటే ఇలాంటి చొరబాటు అంత కష్టం. జనం క్రమబద్ధమైన దారిలో వస్తేనే ఆ తనిఖీ సాధ్యం. అడవుల్లోంచీ రాత్రి పడవల్లోంచీ వచ్చేవారిని ఎవరూ తనిఖీ చేయలేరు.

అంతగా మాట్లాడుకోని ముప్పు లిబియాలో ఉంది. 2017 ఫిబ్రవరిలో ఇటలీ ట్రిపోలీ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. లిబియా తీర రక్షక దళానికి పడవలు, శిక్షణ ఇటలీ, ఐరోపా ఇచ్చాయి. సముద్రంలో పట్టుకున్నవారిని ఆ దళం వెనక్కి తెచ్చి నిర్బంధ కేంద్రాల్లో పెడుతుంది. లిబియాలో వలసదారుల మీద మానవాళి పట్ల నేరాలు జరిగాయని ఐరాస నిజనిర్ధారణ బృందం 2023 మార్చిలో తేల్చింది. జావియా పట్టణంలోని తీర రక్షక దళ విభాగం అధిపతి మీదనే, మనుషుల అక్రమ రవాణాలో పాత్ర ఉందంటూ భద్రతా మండలి 2018 జూన్‌లో ఆంక్షలు పెట్టింది. కంచే చేను మేయడమంటే ఇదే. పడవ ఎక్కించడానికి ఒకసారి, పట్టుకోవడానికి ఒకసారి, నిర్బంధం నుంచి వదలడానికి మరోసారి డబ్బు చేతులు మారే చోట సాయుధ ముఠాలు బలపడతాయి. స్థిరమైన ప్రభుత్వం రావడం ఆ ముఠాలకు నష్టం.

ఎదురు దిశలో నడిచే బేరం

పంపే దేశమే ఎప్పుడూ బెదిరిస్తుందని కాదు. చోటిచ్చిన దేశం వలస కార్మికులను వెళ్లగొట్టి వారి సొంత దేశాన్ని శిక్షించిన సందర్భాలూ ఉన్నాయి. తెలుగువారికి ఇది దగ్గరి చరిత్ర. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు యెమెన్ ఇరాక్‌ను గట్టిగా వ్యతిరేకించలేదు. సెప్టెంబర్‌లో సౌదీ అరేబియా యెమెనీలకున్న ప్రత్యేక సౌకర్యాలు తీసేసి, ఇతర విదేశీయుల్లాగే కఫీల్‌ను, అంటే హామీగా నిలిచే స్థానిక యజమానిని, చూపించాలంది. నెలల్లో దాదాపు 8 లక్షల మంది యెమెనీలు ఇంటిదారి పట్టారు. అప్పటికే పేద దేశమైన యెమెన్ ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. పాలస్తీనా నాయకుడు అరాఫత్ ఇరాక్ అధినేత సద్దాం వైపు మొగ్గినందుకు, విముక్తి తర్వాత కువైట్‌లోని పాలస్తీనీయులు మూల్యం చెల్లించారు. యుద్ధానికి ముందు అక్కడున్న సుమారు 4 లక్షల మందిలో కొద్దిమందే మిగిలారు.

అదే యుద్ధంలో లక్షకు పైగా భారతీయులను జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో తరలించారు. వారిలో చాలామంది తర్వాత తిరిగి వెళ్లారు. అరబ్ కార్మికులు తమతో పాటు అరబ్ రాజకీయాలనూ తెస్తారని జంకిన గల్ఫ్ పాలకులు, ఆ తర్వాత దక్షిణాసియా కార్మికుల మీద మరింత ఆధారపడ్డారు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు, ఉత్తర తెలంగాణ నుంచి సౌదీ, దుబాయ్‌లకు ఇళ్లకు ఇళ్లే వెళ్లిన కాలం వెనుక ఈ మార్పు కూడా ఉంది. రాజకీయంగా నోరెత్తరన్న నమ్మకమే వారికి వీసా తెచ్చిపెట్టింది. అకామా (నివాస అనుమతి) కఫీల్ చేతిలో ఉండి, పని మారితే ఖల్లివెల్లి (అనుమతి లేని కార్మికుడు) అయిపోయే పరిస్థితికీ ఆ నమ్మకానికీ సంబంధం ఉంది.

ఇటీవలి కాలంలో ఈ దిశ బలపడుతోంది. 2019లో వలసలను ఆపకపోతే 5 శాతం నుంచి మొదలుపెట్టి సుంకాలు వేస్తానని ట్రంప్ మెక్సికోను బెదిరించారు. మెక్సికో తన దక్షిణ సరిహద్దుకు నేషనల్ గార్డును పంపింది. 2021లో ఫ్రాన్స్, తాను బహిష్కరించినవారిని సొంత దేశాలు వెనక్కి తీసుకోవడం లేదంటూ మొరాకో, అల్జీరియా పౌరులకు వీసాలను సగానికి, ట్యునీసియాకు 30 శాతం తగ్గించింది. 2025 జనవరిలో, వెళ్లగొట్టినవారిని తెచ్చే అమెరికా సైనిక విమానాలను దిగనివ్వనన్న కొలంబియా, 25 శాతం సుంకాల హెచ్చరికతో గంటల్లోనే మెత్తబడింది. కొద్ది రోజులకే, ఫిబ్రవరి 5న, 104 మంది భారతీయులను సంకెళ్లతో తెచ్చిన అమెరికా సైనిక విమానం అమృత్‌సర్‌లో దిగింది. భారత ప్రభుత్వం అడ్డు చెప్పలేదు. వారం రోజుల్లో ప్రధాని వాషింగ్టన్ వెళ్లాల్సి ఉంది.

ఇకపై ఏం మారవచ్చు

2024 డిసెంబర్ 8న సిరియాలో అసద్ ప్రభుత్వం పడిపోయింది. లక్షల మంది సిరియన్లు టర్కీ నుంచి స్వదేశం బాట పట్టారు. టర్కీ చేతిలోని ఆ పరికరం బరువు తగ్గుతోంది. లిబియాలో పెరుగుతోంది. తూర్పు లిబియాలోని తోబ్రూక్ నుంచి క్రీట్ దీవికి పడవలు పెరగడంతో 2025 జూలైలో ఐరోపా ప్రతినిధులు ఆ ప్రాంతం మీద పట్టున్న సైనిక నేత హఫ్తార్ వర్గంతో మాట్లాడటానికి బెంఘాజీ వెళ్లారు. ఐరోపా గుర్తించని తమ ప్రభుత్వపు మంత్రులను కలవాలన్నారు అక్కడివారు. కుదరకపోవడంతో ప్రతినిధులను విమానాశ్రయం నుంచే తిప్పి పంపారు. అంటే ఇప్పుడు అడుగుతున్నది డబ్బు ఒక్కటే కాదు, గుర్తింపు కూడా.

2024లో ఆమోదించి, 2026 జూన్ నుంచి అమలుకు నిర్ణయించిన ఐరోపా వలస ఒడంబడికలో భారం పంచుకునే ఏర్పాటు ఉంది. శరణార్థులను తీసుకోని సభ్య దేశం ఒక్కొక్కరికి 20 వేల యూరోల లెక్కన చెల్లించవచ్చు. వలసను ఆయుధంగా వాడటం అన్న మాట కూడా అందులో చట్టపరమైన నిర్వచనంతో చేరింది. అలాంటి సమయంలో దరఖాస్తుల నమోదును నాలుగు వారాల దాకా ఆలస్యం చేయవచ్చు. పోలండ్ అంతకన్నా ముందుకెళ్లి, బెలారస్ సరిహద్దులో ఆశ్రయం అడిగే హక్కునే 2025 మార్చిలో నిలిపేసింది.

వేరే దారి ప్రయత్నించిన అనుభవమూ ఉంది. పశ్చిమ బాల్కన్ దేశాలవారికి ఉద్యోగం దొరికితే సక్రమంగా వచ్చే వీలును జర్మనీ 2016లో తెరిచింది. ఆ దేశాల నుంచి ఆశ్రయ దరఖాస్తులు బాగా పడిపోయాయి. ఆ దేశాలను సురక్షిత జాబితాలో చేర్చడం కూడా అందుకు ఒక కారణమే. ఇది యుద్ధం నుంచి పారిపోయేవారికి జవాబు కాదు, పని కోసం ఆశ్రయం తలుపు తట్టేవారికి మాత్రమే.

2021 ఘటన జరిగిన మూడేళ్ల తర్వాత సెయుతా మళ్లీ వార్తల్లోకి వచ్చింది. 2024 సెప్టెంబర్ 15న అందరం కలిసి దాటుదామని సోషల్ మీడియాలో పిలుపులు తిరిగాయి. పనిలేని యువకులు, ఇంకా మీసాలు రాని పిల్లలు బస్సుల్లో, కాలినడకన ఫ్నిదెక్ చేరారు. ఈసారి మొరాకో పోలీసులు రోడ్లు మూశారు, కొండల మీద కాపలా పెట్టారు, వేల మందిని అదుపులోకి తీసుకుని దూరపు ఊళ్లకు తరలించారు. కంచె అదే, ఒడ్డు అదే. మాడ్రిడ్ లేఖ రాసి అప్పటికి రెండున్నరేళ్లయింది.